నాయుడుపేట పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

ఆరు నెలలు వచ్చి హాయిగా నుండుడు
నచ్చెనేని యిచటె నాటుకొనుడు
నచ్చకున్న మరల నాయుడుపేటకు
బండి యెక్కవచ్చు భయము వలదు

అవతారిక: శ్రీహరికోట రాకెట్ కేంద్రం ‘షార్’లో ముప్పై ఏళ్లకు పైగా కొలువు చేసి, రిటైరై, క్వార్టరు తాళాలు అప్పజెప్పి నాయుడుపేటలో చిన్న ఇల్లు కట్టుకున్న తండ్రితో, టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి కొడుకు ఫోనులో అన్న మాట ఇది. వ్యాఖ్యాత చేసిందల్లా దాన్ని ఆటవెలదిలో ఇరికించడమే.

ప్రతిపదార్థం: ఆరు నెలలు = సందర్శక వీసాతో దిగినవారికి సాధారణంగా దొరికే గడువు; వచ్చి = చెన్నైలో ఎక్కి, దోహాలోనో దుబాయిలోనో మోకాళ్లు పట్టుకుని దిగి, మళ్లీ ఎక్కి; హాయిగాన్ = మేం ఆఫీసు నుంచి వచ్చేదాకా ఇద్దరే; ఉండుడు = ఉండండి; నచ్చెనేని = మీకు కాకపోయినా అమ్మకైనా నచ్చితే; ఇచటె = ఈ ఇంట్లోనే, మేడ మీది గదిలో; నాటుకొనుడు = స్థిరపడండి; తక్కినది సులభం.

తాత్పర్యం: వచ్చి చూడండి. తర్వాత చూద్దాం.

విశేషాలు: వీసా పదేళ్లకు ఇచ్చారు కదా, ఆరు నెలలే ఏమిటని శంక. వీసా గుమ్మం దాకా తెస్తుంది. లోపల ఎన్నాళ్లుండాలో గుమ్మంలో కూర్చున్న అధికారి చెబుతాడు. ఈ న్యాయం తండ్రికి కొత్తది కాదు. షార్ క్వార్టర్సుకు చుట్టాలొస్తే గేటు దగ్గర పాసు రాయించిన చెయ్యి ఆయనది. ఇప్పుడు తనే చుట్టం. చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చి ఎండలు ముదిరాక వెళ్లిపోయే ఫ్లెమింగోలదీ ఇంచుమించు ఇదే లెక్క. వాటిని రిటర్ను టికెట్టు చూపమని మాత్రం ఎవరూ అడగరు.

‘హాయిగా’ అన్నచోట వ్యాఖ్యాత కొంచెం ఆగాలి. మాట విని ఫ్రిస్కో వచ్చిన మర్నాడు తల్లి పప్పులోకి పోపు పెట్టింది. ఎండుమిర్చి నల్లబడి, ఆవాలు చిటపటలాడి, ఇంగువ పడిందో లేదో, హాలు పైకప్పుకు ఉన్న పొగ గంట కూత మొదలెట్టింది. పీఎస్ఎల్‌వీ రాకెట్టు లేస్తుంటే కిటికీలు దడదడలాడినా కంచం ముందు నుంచి కదలని మనిషి కుర్చీ ఎక్కి తువ్వాలు విసిరాడు. “ఏందండీ ఈ గోల, పోలీసులొస్తారా?” అని తల్లి. ఆ సాయంత్రమే కోడలు కరెంటు పొయ్యిని పెరటి వసారాలోకి మార్చింది: “అత్తయ్యా, ఇక పోపులన్నీ ఇక్కడే.” హాయి అంటే ఇదే: వంట లోపల, పోపు బయట.

కొత్తిమీర సంగతి వేరు. క్వార్టర్సులో ఉన్నప్పుడు సైకిలు మీద పోయి తెచ్చేవాడు. ఇక్కడ కొత్తిమీరకు కారు కావాలి, కారుకు కొడుకు కావాలి, కొడుక్కి శనివారం కావాలి. ఆ శనివారమే కార్యసిద్ధి హనుమాన్ గుడి కూడా. తక్కిన రోజుల్లో సాయంత్రం పార్కు చుట్టూ నడక. అక్కడ ఎదురైన తెలుగువాళ్లు ముందు పేరడగరు. “ఎప్పుడొచ్చారు? వెళ్లేదెప్పుడు?” ఈ రెండూ అయ్యాకే ఊరు, ఆ తర్వాత షుగరు.

‘నాటుకొనుడు’ పద్యానికి ప్రాణం. అసలు చిక్కూ అక్కడే ఉంది. అమెరికాలో తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు అర్జీ పెట్టాలంటే బిడ్డ ఆ దేశ పౌరుడై, ఇరవై ఒకటి నిండి ఉండాలి. ఈ మాటకు కర్త అయిన కొడుక్కి రెండోది ఎప్పుడో నిండింది. మొదటిది లేదు. అతను ఇంకా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదే ఉన్నాడు. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నియమం వల్ల మనవాళ్ల వరుస ఏళ్లకేళ్లుగా సాగుతోంది. ఆ వరుసలో నిలబడినవాడు, తనే నాటుకోనివాడు, కన్నవాళ్లను నాటుకోమనడం ఎలా పొసగుతుంది? అబద్ధమాడాడని కొందరంటారు. అది తప్పు. మీమాంసకుల పద్ధతిలో ఇది విధివాక్యం కాదు, అర్థవాదం. రమ్మనడానికి చేసిన స్తుతి అంతే.

పైగా ఈ ఇంట్లో నాటుకున్నదెవరు? రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను 1969లో ఎంచుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్టు లేచింది. అంతకు ముందునుంచీ ఆ దీవి అడవుల్లో బతికినవాళ్లు యానాదులు. ఉద్యోగానికి వచ్చినవాళ్లంతా క్వార్టరు మనుషులే. అరవై నిండాక ఖాళీ చెయ్యాలి. తండ్రి పెరట్లో పెంచిన మునగచెట్టు కాయలు ఇప్పుడెవరో కోసుకుంటున్నారు. ఆయనది క్వార్టరు, కొడుకుది వీసా. గడువు చూసుకుని కాపురం చెయ్యడం ఆ ఇంటి విద్య, పిల్లవాడు బయట నేర్చుకున్నది కాదు. అందుకే తండ్రి ఆ మాటకు నవ్వాడే గానీ నమ్మలేదని వ్యాఖ్యాత అభిప్రాయం. తల్లి నమ్మింది. మనవణ్ని తలుచుకుంటూ విన్నది గనుక.

‘బండి యెక్కవచ్చు’: కవి తొందర. ఫ్రిస్కో పక్కనున్న డల్లాస్ నుంచి చెన్నైకి నేరుగా విమానమే లేదు. చెన్నైలో దిగి లోకలు పట్టుకున్నా అది సూళ్లూరుపేటతో సరి. నాయుడుపేటకు మళ్లీ బండి మారాలి.

చివరి పాదానికి ‘బండి యెక్కవచ్చు బీమ గలదు’ అని పాఠాంతరం. గ్రాహ్యం కాదు. బకారానికి బీకారంతో యతి చెల్లదు. అర్థమూ చెడింది. సందర్శకుల బీమాల్లో చాలావాటికి పాత జబ్బులు పట్టవు. కనుక బీపీ మాత్రలు, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే పెట్టుకోవాలని సంప్రదాయజ్ఞులు.