హెల్పర్-14

మా కింది పోర్షన్‌లో నారాయణఖేడ్ పిల్లగాడు అద్దెకుంటాడు. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో రెండేళ్లుగా పని. వాడి గేట్ పాస్ చూశాను. కంపెనీ పేరు బోర్డంత అక్షరాల్లో ఉంది, కాంట్రాక్టర్ పేరు చీమంత ఉంది. పేరు రాయాల్సిన చోట బాల్‌పెన్‌తో 'హెల్పర్-14'.

రెండు నెలలుగా జీతం రాలేదు. కంపెనీలో అడిగితే "నువ్వు కాంట్రాక్టర్ మనిషివి" అన్నారు. కాంట్రాక్టర్‌ని అడిగితే "కంపెనీ బిల్లు పాస్ చెయ్యలే, నేనేం జేద్దు" అన్నాడు. నైట్ షిఫ్ట్‌కు మనిషి తక్కువైనప్పుడు మాత్రం ఇద్దరూ వాణ్ణి "మనోడే" అంటారు.

కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టి, తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలి. ఇది 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలోనే ఉన్న మాట. అర్ధ శతాబ్దం దాటినా గేటు లోపలికి రాలేకపోయింది. దానికి పాస్ ఇవ్వలేదు కాబోలు.

"అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యన్నా" అని కూడా అడిగాడట. "కాగితమెందుకు తమ్మీ, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు కాంట్రాక్టర్. పార్లమెంటుకు లేదు మరి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇచ్చి తీరాలి.

ఇక్కడ నవ్వు రాదు. అదే ఏడాది జూన్ 30న ఇదే పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా పోయారు. దొరికిన అవశేషాలకు డీఎన్‌ఏ పరీక్షలు చేసి పేర్లు కలపాల్సి వచ్చింది. కాగితమెందుకు అన్నవాడు ఆ వారం ఆస్పత్రి ముందు నిలబడి ఉండాల్సింది.

పిల్లగాడికి లాయర్ ఫీజు భయం. ఉచిత లాయర్ ఎవరెవరికి దొరుకుతాడో 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ వరుసగా చెబుతుంది: మహిళలు, ఎస్సీ ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లు, వరద, భూకంప బాధితులు, ఇంకా కొందరు. ఆ వరుసలోనే పారిశ్రామిక కార్మికుడూ ఉన్నాడు. ప్రమాదం జరగక్కర్లేదు, ఆదాయ పరిమితీ లేదు. ఊరికే డ్యూటీకి పోతున్నవాణ్ణి భూకంప బాధితుడి పంక్తిలో కూర్చోబెట్టారు. రాసినాయన ఓసారి పటాన్‌చెరు వచ్చిపోయినట్టున్నాడు.

న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయించాను. సంగారెడ్డిలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపించాను. గేట్ పాస్ ఫొటో, బ్యాంకులో పడ్డ పాత జీతాలు, షిఫ్ట్‌కు రమ్మన్న వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ పట్టుకెళ్లాడు.

అక్కణ్ణుంచి నోటీసు అందిన సాయంత్రమే కాంట్రాక్టర్ ఫోన్. గొంతులో తేనె.

"లెటర్ టైప్ చేయిస్తున్న తమ్మీ. గిది జెప్పు, నీ పేరేంది?"