ధ్రువ మధ్యాహ్నం, పంచెకట్టు

మీ దగ్గర దాచేదేముంది? నార్వే వెళ్లింది సముద్రం చూద్దామని కాదు, మార్కాపురంలో ఇంతవరకు ఎవరూ పెట్టని ఫోటో ఒకటి పెడదామని. ఓస్లోలో ఉండే మా వాడు టికెట్లు పంపిన రోజే పలకల ఫ్యాక్టరీల నుంచి చెన్నకేశవస్వామి గుడి దాకా కనపడిన ప్రతి మనిషినీ ఆపి చెప్పాను, ధ్రువకాంతుల కింద పంచెకట్టుతో నిలబడతానని. కంభం, గిద్దలూరు చుట్టాలకు ఫోన్లు చేసి మరీ చెప్పాను.

మేం ఎక్కిన ఓడ బెర్గెన్‌లో బయల్దేరి, రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్ దాకా 34 రేవుల్లో ఆగుతుంది. చలికాలంలోనూ ఉత్తర తీరానికి ఉత్తరాలు, సరుకులు అందాలని 1893లో రిచర్డ్ విత్ అనే కెప్టెన్ మొదలుపెట్టిన దారి. ఇప్పటికీ మన పల్లెవెలుగు బస్సులాగే చిన్న చిన్న ఊళ్లలో ఆగి, సరుకు దింపి, మనుషుల్ని ఎక్కించుకుని పోతుంది. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల అంత ఉత్తరాన కూడా ఆ నీళ్లు గడ్డకట్టవు. ఇదంతా తర్వాత తెలుసుకున్నదే. అప్పుడు నా ధ్యాసంతా ఫోన్ చార్జింగు మీదే.

అది డిసెంబరు. ట్రోమ్సో చుట్టుపక్కల నవంబరు చివర్లో మునిగిన సూర్యుడు మళ్లీ కనపడేది జనవరి మధ్యలోనే. ఒక రాత్రి తెల్లవార్లూ డెక్ మీద మెడ పైకెత్తి నిలబడ్డాను. ఆకాశం నిండా మబ్బులు. కాంతుల జాడే లేదు. మరి ఊరందరికీ ఇచ్చిన మాట?

మర్నాడు పొద్దున పదకొండు దాటాక ఫిన్స్‌నెస్ రేవులో ఓడ కాసేపు ఆగింది. కోటు విప్పేశాను, టోపీ పీకేశాను, తెల్ల పంచె, ఖద్దరు చొక్కా, కాళ్లకు మామూలు చెప్పులు, ఫోన్ ఎవరి చేతిలోనో పెట్టాను, మంచు మీద రెండడుగులు వేశాను, మీసం దువ్వి చెయ్యెత్తాను, అంతే, నడుము నేలకు తగిలి ప్రకాశం జిల్లా అంతా కళ్ల ముందు తిరిగింది. రేవులో పనిచేసే ఒకాయన వచ్చి లేపాడు.

శ్రీశైలం గేట్లెత్తిన రోజు ఆ నీళ్లకు వీపు పెట్టి ఫోటో దిగనివాళ్లం మనలో ఎంతమంది? కాబట్టి మీరు నన్ను అర్థం చేసుకుంటారు.

అయితే పడినందుకు కాదు నా బాధ. ఆ తర్వాత గదిలో దుప్పటి కప్పుకుని, పడకముందు తీసిన ఒక్క ఫోటోకి రంగులు దిద్దుతూ కూర్చున్నాను. కిటికీ దగ్గర నుంచి మా ఆవిడ "ఏమయ్యా, ఇట్ట రావయ్యా" అని పిలుస్తూనే ఉంది. వస్తున్నా అంటూనే ఉన్నాను. ఓడ సెన్యా ద్వీపం పక్కగా, చప్పుడే లేని నీళ్ల మీద పోతోందట. సూర్యుడు లేకపోయినా దక్షిణాన ఆకాశం గులాబీ రంగు తేలిందట. కొండలు, మంచు, నీళ్లు అన్నీ ఒకటే నీలంగా మారాయట. కాపురానికి వచ్చిన నాటి నుంచి వీధి కుళాయి దగ్గర బిందెలతో నిలబడిన మనిషి, వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం అప్పటికింకా ఎదురుచూస్తున్న మనిషి, కంటికి ఆనినంత మేరా నీళ్లు చూసి మాట రాక కూర్చుందట. నేను తలెత్తేసరికి రెండు గంటలైంది, బయట చీకటి.

ఫోటోని ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. ప్రయాణం ఎట్లా జరిగిందని ఎవరైనా ఇంటికొస్తే మాత్రం ఆవిడనే చెప్పమంటాను. పక్కన కూర్చుని నేనూ వింటాను. సెన్యా వైపు ఇళ్లల్లో దీపాలు కనపడ్డాయా అని నిన్న కూడా అడిగాను.