‘ఒక బొమ్మ లేదు’ : టీకా తాత్పర్యం

మూలం: కెమెరా వర్క్, 36వ సంచిక, న్యూయార్క్, అక్టోబరు 1911. అట్ట కాస్త విరిగినది. లోపల శుభ్రం. ఒక బొమ్మ లేదు.

అవతారిక: పాత పత్రికలమ్మే వర్తకుడు తన జాబితాలో కొనేవాణ్ణి ఉద్దేశించి పలుకుచున్నాడు.

ప్రతిపదార్థం: కెమెరా వర్క్ = ఫొటో కూడా కళేనని ఒప్పించడానికి ఆల్ఫ్రెడ్ స్టిగ్లిట్జ్ 1903లో మొదలుపెట్టిన త్రైమాసికం; 36వ సంచిక = అందులో ఆయన దాదాపు పూర్తిగా తన ఫొటోలకే కేటాయించుకున్నది; అట్ట = ఎడ్వర్డ్ స్టైకెన్ రూపొందించిన బూడిదరంగు అట్ట; కాస్త = అమ్మేవాడి లెక్కలో కాస్త; విరిగినది = విరిగినదే; లోపల శుభ్రం = చదివినవాడు లేడు; ఒక బొమ్మ = ఆ బొమ్మే; లేదు = ఉండేది.

టీక: ‘ఆ బొమ్మే’ అనగా ఏది? ‘ది స్టీరేజ్’. 1907లో యూరప్‌కు పోయే ఓడలో పై తరగతి ప్రయాణికుడైన స్టిగ్లిట్జ్, కింది తరగతి జనాన్ని చూసి తీసిన ఫొటో. నాలుగేళ్ల తరువాత ఈ సంచికలోనే తొలిసారి అచ్చయింది. మూలంలో లేనిది రాయనని ఒట్టుపెట్టుకున్న సంస్కృత కావ్య వ్యాఖ్యాత కొలచల మల్లినాథసూరి ఇక్కడ కలం పక్కన పెట్టాల్సిందే. ఈ మూలంలో లేనిదే అసలు సంగతి.

పత్రికలో అచ్చుబొమ్మ పోతే ఇంత రాద్ధాంతమెందుకని పూర్వపక్షం. అది మామూలు అచ్చు కాదు, ఫొటోగ్రావ్యూర్ అని సమాధానం. ఫొటోగ్రావ్యూర్ అంటే ఫొటోను రాగిరేకు మీద ఆమ్లంతో చెక్కి, గుంటల్లో సిరా నింపి, కాగితం మీదికి ఒత్తి తీయడం. గుంట ఎక్కడ లోతో అక్కడ సిరా ఎక్కువ నిలుస్తుంది. అందుకే చీకట్లు మఖమల్‌లా పలుకుతాయి. చాలా బొమ్మలను పలుచని జపాన్ కాగితం మీద తీసి, ఒక్కొక్కటీ చేత్తో అంటించేవారు. 1904లో బ్రస్సెల్స్ ప్రదర్శనకు అసలు ఫొటోలు సమయానికి చేరకపోతే ఈ పత్రికలోని బొమ్మలనే గోడకు తగిలించారు. చూసినవాళ్లలో చాలామంది అవే అసలువనుకున్నారు.

ఆ అంటించడం కూడా అంచు మేరకే. కనుక ఊడదీయడం తేలిక. ఊడినది ఫ్రేములోకి పోతుంది, మిగిలినది జాబితాలోకి వస్తుంది. ఇంత శ్రద్ధగా అంటించినవాడు కాస్త జిగురు ఎక్కువ వేసినా బాగుండేది.

తాత్పర్యం: ఓ కొనుగోలుదారుడా! నీకు పత్రిక దొరికినది, సంచిక దొరకలేదు.

విశేషం: మొదట్లో చందాదారులు దాదాపు 650 మంది. స్టిగ్లిట్జ్ చిత్రకారులు మాటిస్, పికాసోల వైపు మళ్లేసరికి ఫొటో ప్రియులు చాలామంది తప్పుకున్నారు. 1917 జూన్‌లో పాల్ స్ట్రాండ్ ఫొటోలతో 49, 50 సంఖ్యలు కలిపి ఒకే పుస్తకంగా వచ్చి పత్రిక ఆగిపోయే నాటికి 40 మంది కూడా మిగల్లేదు. నాడు చందా కట్టనివాళ్ల వారసులే నేడు విడి బొమ్మలకు పోటీపడుతున్నారని వ్యాఖ్యాత అనుమానం. పూర్తి వరుస ఉన్న ఇల్లు అరుదు.

కొనేవారికి మనవి: ముందు చిత్రాల పట్టిక తెరిచి, ఒక్కో బొమ్మా లెక్కపెట్టి, ఆ పైన ధర అడగండి. వెనక అట్ట మీది ఈస్ట్‌మన్ కోడక్ ప్రకటన గురించి మాత్రం బెంగ అక్కర్లేదు, దాన్నెవరూ ఊడదీసుకుపోరు.