ఇంకో రెండేళ్ళకి ఏ బండి కొనాలి?

మన వైపు ఫార్చ్యూనర్ దిగినవాడు ఎమ్మెల్యే అయినా అయి ఉండాలి, వచ్చే ఎన్నికల్లో టిక్కెట్టు కోసం తిరుగుతున్నవాడైనా అయి ఉండాలి. దోహాలో అదే ఫార్చ్యూనర్‌లోంచి హెల్మెట్ చంకలో పెట్టుకుని సైట్ ఇంజనీరు దిగుతాడు. తలుపు విసిరికొట్టే తీరులోనే తెలిసిపోతుంది, బండి కంపెనీదని. ఇక్కడ పరువనేది లాండ్ క్రూయిజర్ దగ్గర మొదలవుతుంది. అదీ తెల్లది. సల్వా రోడ్డు మీద ఎడమ చివరి వరసలో, వేగ పరిమితికి లోబడి, బుద్ధిగా పోతుంటాం. ఉన్నట్టుండి వెనకాల చూసే అద్దం నిండా దాని ముఖమే. లైట్లు టపటపా కొడుతుంది. ఆ భాషకి నిఘంటువు అక్కర్లేదు. కుడివైపు జరిగి దారిస్తాం. అది వెళ్ళిపోయాక మన సెడాన్ ఇంకో జానెడు కుంగినట్టనిపిస్తుంది.

అయితే ఎత్తు బండి కొనాలన్న జ్ఞానం నాకు లాండ్ క్రూయిజర్ వల్ల రాలేదు. ఎడారి దేశం కదా, ఇసుక వల్ల వచ్చిందనుకునేరు, అదీ కాదు. నీళ్ళ వల్ల వచ్చింది. 2018 అక్టోబరు 20న ఖతర్‌లో ఏడాది మొత్తం మీద పడాల్సిన వాన ఒక్కరోజులో పడింది. కోనసీమలో పుట్టి, గోదారి వరదలు చూసి పెరిగిన నేను, ఎడారిలో, ఒక అండర్‌పాస్ ముందు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నిలబడ్డాను. నా సెడాన్ సీటు కింద చెప్పులు తేలుతున్నాయి. పక్కనుంచి ఒక ముసలి పజేరో నీళ్ళు చిమ్ముకుంటూ దాటిపోయింది. దాన్ని నడుపుతున్నాయన చెయ్యి ఊపాడు కూడా.

సరే, ఎత్తు బండే. కొత్తదా, పాతదా?

ఇది బండికి సంబంధించిన ప్రశ్న అని అమాయకులు అనుకుంటారు. షోరూంలో ఖర్జూరం, కహ్వా ఇచ్చి కూర్చోబెట్టిన అమ్మకాలాయన రంగు అడగలేదు, మోడల్ అడగలేదు. "ఎన్నాళ్ళుంటారు సార్, ఇక్కడ?" అన్నాడు. గల్ఫ్‌లో తెలుగువాడికి దీనికి సమాధానం గర్భంలోనే నేర్పి పంపిస్తారు: "ఇంకో రెండేళ్ళు." నిన్న దిగినవాడూ అదే చెబుతాడు, దిగి పాతికేళ్ళయినవాడూ అదే చెబుతాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ రెండేళ్ళని లెక్కలో వేస్తేనే తంటా. రెండేళ్ళకైతే కొత్త బండి శుద్ధ దండగ. పదేళ్ళకైతే పాత బండి దండగ. ఏది దండగో తెలియాలంటే, మనం ఏటా వాయిదా వేస్తున్న నిజమొకటి ఒప్పుకోవాలి. అది ఒప్పుకోవడం కన్నా బండి లేకుండా తిరగడం నయం. మెట్రో 2019 నుంచి నడుస్తూనే ఉంది.

కొత్తదాని వైపు వాదనలు గట్టివే. మొదటి మూడేళ్ళు ఫాహెస్ తనిఖీకి వెళ్ళక్కర్లేదు. బండి రిజిస్ట్రేషన్ కార్డు, అదే ఇస్తిమారా, రెన్యువల్ ఇంట్లో కూర్చుని ఫోన్లో అయిపోతుంది. ఆ తర్వాతైతే ఏటా బండిని వరసలో నిలబెట్టి, పిల్లాడి పరీక్ష ఫలితం కోసం చూసే తండ్రిలా చేతులు కట్టుకుని నిలబడాలి. ఏజెన్సీ వారంటీ ఉంటుంది. అన్నిటికీ మించి, లెక్క. 2023 జనవరిలో లాండ్ క్రూయిజర్ 300ని మన దేశంలో 2.10 కోట్లకి విడుదల చేశారు, అదీ రోడ్డెక్కక ముందు ధర. ఇక్కడ రియాల్స్‌లో చూసి రూపాయల్లోకి మార్చితే అందులో సగం కూడా తేలదు. ఈ సంగతి మా ఆవిడకి కాగితం మీద వేసి చూపించాను.

"అంటే కొంటే కోటి రూపాయలు మిగులుతాయన్నమాట," అన్నాను.

"మిగిలిన కోటీ ఏ బ్యాంకులో వేస్తారో కూడా ఆ కాగితం మీదే రాయండి," అంది.

ఆవిడ రూపాయల్లో కూడా ఆలోచించదు. సెంట్లలో ఆలోచిస్తుంది. నేను షోరూంలో ఏ బండి దగ్గర నిలబడినా వెనకనుంచి వినిపిస్తుంది: ఇది అమలాపురం బైపాస్ దగ్గర ఇన్ని సెంట్లు, ఇది కొబ్బరితోటలో ఇంత చెక్క. సన్‌రూఫ్ ఉన్న మోడల్‌కి గట్టు మీది చెట్లతో సహా చెప్పింది. పైగా భూమి ఎక్కడికీ పోదు, బండి మనతో రాదు. స్టీరింగ్ ఎడమవైపు. మన ఊరి రోడ్ల మీద దాంతో లారీని దాటాలంటే పక్క సీట్లో ఒకణ్ణి కూర్చోబెట్టి "వస్తోందా, వస్తోందా" అని అడగాలి.

ఇక పాత బండి. మా ఫ్లాట్ల కిందింట్లో జగిత్యాల తమ్ముడొకడున్నాడు, ఈ విషయంలో మాకందరికీ ఆయనే గురువు. "అన్నా, గీడ సెకండ్ హ్యాండ్ బండ్లు ఎన్కటి సంది రెండే తీర్లు. ఒకటి లేడీ డ్రివెన్, రెండోది డాక్టర్ డ్రివెన్," అన్నాడు. ప్రకటనలు చూస్తే నిజమే. దేశం మొత్తం మీద ఇసుక గుట్టలెక్కి దూకే బండ్లు వేలల్లో ఉంటాయి. వాటిలో ఒక్కటీ అమ్మకానికి రాదు. అమ్మకానికి వచ్చేవన్నీ ఆసుపత్రికీ, ఇంటికీ మధ్య మాత్రమే తిరిగినవి. అమ్మేవాళ్ళందరూ వచ్చే వారమే విమానం ఎక్కేవాళ్ళు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరి వాటిని చూసి రావడం కొన్నాళ్ళు మాకు పేరంటంలా సాగింది. ఏం చూడాలో తమ్ముడు నేర్పాడు. టైరు పక్కన చిన్న కోడిగుడ్డాకారంలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో పుట్టిందని. టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఈ ఎండకి వయసైపోయిన రబ్బరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. అమెరికా నుంచి దిగుమతైన బండి అయితే సీటు బెల్టు చివరికంటా లాగి చూడాలి. అక్కడ తుపాను నీళ్ళలో మునిగిందైతే, బెల్టు లోపలి భాగం మీద బురద చార నీటిమట్టంలా కనబడుతుంది. తివాచీ మారుస్తారు, సీట్లు కడుగుతారు గానీ బెల్టు అడుగంటా లాగి ఉతికే ఓపిక ఎవరికీ ఉండదు. గల్ఫ్ స్పెక్ బండికైతే రేడియేటరూ, ఏసీ కూడా ఈ ఎండని దృష్టిలో పెట్టుకుని చేసినవి. చలిదేశం బండి ఇక్కడ జులైలో మధ్యాహ్నం రెండింటికి చెమటలు కక్కుతుంది. అందుకే బండిని ఆ వేళకే చూడాలి. ఇంజన్లో ఏదో చప్పుడుందన్నా ఖతర్లో కొనేవాడు దొరుకుతాడు, ఏసీ చల్లగా లేదంటే తమ్ముడు కూడా సలాం చెప్పి వచ్చేస్తాడు.

ఒకాయన తన బండి సీలైన్ ఇసుక గుట్టల మొహం కూడా చూడలేదని కొడుకు మీద ఒట్టేశాడు. జాకీ పెట్టే గూడు తెరిస్తే దోసెడు ఇసుక నా బూట్ల మీద పడింది. సన్నటి, లేతరంగు ఇసుక. ఆయన ఏమాత్రం తొణకలేదు. "మొన్న గాలిదుమారం వచ్చింది కదండీ," అన్నాడు. మూసిన గూట్లోకి, మడతపెట్టిన గుడ్డ కిందకి వెళ్ళిందంటే గాలి ఎంత ఓపిగ్గా వీచిందో!

మా అబ్బాయికి మాత్రం ఆ బండే నచ్చింది. వాడి దేవుడు నాసర్ అల్-అతియా. దోహాలో పుట్టి, డాకర్ ర్యాలీని 2011లో మొదటిసారి గెలిచి, 2019, 2022, 2023ల్లో టయోటా హైలక్స్ మీద గెలిచినాయన. మధ్యలో తీరిక చూసుకుని 2012 లండన్ ఒలింపిక్స్‌లో తుపాకీ పేల్చి కాంస్యం కూడా పట్టుకొచ్చాడు. వీడు స్కూలు బస్సు దాకా పరిగెత్తమంటే పరిగెత్తడు గానీ, ఇసుక గుట్ట మీద బండి ఎక్కించే ముందు టైర్లలో గాలి ఎంత తియ్యాలో నాకు పాఠం చెబుతాడు.

పాత బండి కొనడానికి ఇంకో చక్కటి కారణాన్ని కంపెనీలవాళ్ళే ఇచ్చారు. నిస్సాన్ ప్యాట్రోల్ 2010లో వచ్చిన రూపంతోనే, పైపై మెరుగులు తప్ప, 2024 దాకా నడిచింది. ఆ ఏడాది సెప్టెంబరులో గానీ అబుదాబిలో కొత్త తరాన్ని బయటపెట్టలేదు. అంటే పధ్నాలుగేళ్ళ పాటు, దూరంనుంచి చూసేవాడికి కొత్త ప్యాట్రోల్‌కీ పాత ప్యాట్రోల్‌కీ ఆట్టే తేడా తెలియలేదన్నమాట. ఊళ్ళో బంధువులకి పంపే ఫొటోకి అంతకన్నా ఏం కావాలి?

చివరికి దొరికింది ప్యాట్రోల్ కాదు, ప్రాడో. అమ్మేది రాజమండ్రి పెద్దాయన. వీసా కాన్సిల్ చేసుకుని, శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతున్నారు. తెలుగువాళ్ళందరూ కలిసి శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటోలు కూడా దిగారు. బండిని ఇండస్ట్రియల్ ఏరియాలో మలయాళీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. అతను అట్టముక్క పరుచుకుని కిందకి దూరి, చాలాసేపటికి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, "ఈ బండికి ఏం రోగం లేదు సార్. ఇంత బాగా చూసుకున్నాయన ఎందుకమ్ముతున్నాడు?" అని అనుమానంగా చూశాడు.

బదిలీ అంతా ప్రభుత్వంవారి మెట్రాష్ యాప్‌లోనే. దానికి ముందు బండి మీద ముఖాలఫాలు, అంటే ట్రాఫిక్ జరిమానాలు, లేకుండా చూసుకోవాలి. ఎర్రలైటు దాటితే ఆరు వేల రియాల్స్ పడే దేశమిది. 2024 సెప్టెంబరు నుంచి జరిమానాలు కట్టకుండా దేశం దాటనివ్వడం లేదు కూడా. దానికి ముందు జూన్ నుంచి సగం రాయితీ ఇస్తే, ఆషాఢం సేల్‌కి చీరల కొట్టు మీద పడ్డట్టు పడి కట్టొచ్చారు మనవాళ్ళు. పెద్దాయన బండి మీద ఒక్క జరిమానా లేదు. తాళంచెవి ఇస్తూ, జేబురుమాలుతో బానెట్ మీద ఎవరికీ కనబడని మరకేదో తుడిచారు. "రెండేళ్ళుండి పోదామని వచ్చానబ్బాయ్," అన్నారు. "1998లో."

నేను టైర్లు మార్పించాను, బ్యాటరీ వేయించాను. మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మన లైసెన్సు ఇక్కడ చెల్లదు గనక అందరిలాగే సిగ్నల్ టెస్టు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఎల్ పార్కింగులో శంకువుల్ని పడగొట్టి, మళ్ళీ నిలబెట్టి, మొత్తానికి గెలిచింది. ఇప్పుడు ప్రాడో ఆవిడదే. నేను మెట్రోలో వెళుతున్నాను. పిల్లాడికి సీలైన్ ఇంకా బాకీ ఉంది.

మొన్న రాత్రి భోంచేస్తుంటే ఫోను. రాజమండ్రి పెద్దాయన. కులాసాలడిగారు, ఎండలెలా ఉన్నాయన్నారు, గొంతు సవరించుకున్నారు.

"అబ్బాయ్, కంపెనీవాళ్ళు మళ్ళీ పిలిచారోయ్. నేను లేకపోతే పని నడవడం లేదట. వద్దంటే వినరే! ఎంత, ఇంకో రెండేళ్ళు. వచ్చే నెల్లో వస్తున్నాను. అన్నట్టు... ఆ బండి అమ్మే ఉద్దేశమేమైనా ఉందా?"

నేను నోట్లో ముద్ద మింగి ఏదో అనేలోపే మా ఆవిడ ఎడంచేత్తో ఫోను లాక్కుంది.

"బాబాయిగారూ, నమస్కారమండీ. మీకు కాకపోతే ఇంకెవరికిస్తామండీ? కాకపోతే కొత్త టైర్లేయించాం, బ్యాటరీ మార్చాం. పైగా ఇప్పుడది లేడీ డ్రివెన్ కదండీ, మీరిచ్చిన ధరకి రాదు."