పసుపు పాల ఆంకాలజీ

అల్వాల్‌లో టిమ్స్ పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. దండగ ఖర్చు. లోతుకుంట నుంచి ఓల్డ్ అల్వాల్ దాకా ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ అప్పటికే ఓ ఆంకాలజిస్టు అంకుల్ ఉన్నాడు. బ్యాంకులోనో రైల్వేలోనో రిటైరయ్యాక ఈ శాఖ పుచ్చుకున్నాడు.

ఈ మధ్య అంకుల్ చదువు కూడా పెరిగింది. "కీమో పైపైనే కోస్తుందండీ. మన పసుపు క్యాన్సర్ మూలకణాల్నే చంపుతుంది. అమెరికావాళ్లే ఒప్పుకున్నారు!"

సగం నిజమే. కణితిలో మూలకణాల్లాంటి కొన్ని కణాలు మందుకు లొంగకుండా మిగిలి, జబ్బును మళ్లీ తిరగబెట్టిస్తాయని శాస్త్రజ్ఞులు అంటున్నారు. 2010లో మిషిగన్ యూనివర్సిటీవాళ్లు పసుపులోని కర్క్యుమిన్‌నూ మిరియాల్లోని పైపరిన్‌నూ రొమ్ము మూలకణాల మీద ప్రయోగించారు. అవి ఉండలు కట్టడం తగ్గింది. ఎక్కడ? పెట్రి డిష్‌లో. పెట్రి డిష్‌కు పేగులుండవు, కాలేయం ఉండదు; రోగికి ఉంటాయి. మనుషుల చేత రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ మింగించి చూస్తే రక్తంలో తేలింది లేశమాత్రం. పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లే కనుక, ఆ మోతాదుకు రోజూ పావు కిలో పైచిలుకు పసుపు కావాలి. పెళ్లికూతురి నలుక్కైనా అంత పట్టదు.

"అయితే మొక్కల్లో మందే లేదంటారా?" ఎందుకు లేదు, మీ ప్రహరీ పక్కనే ఉంది, బిళ్ళ గన్నేరు. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్ షుగరుకు పనికొస్తుందేమోనని దాని ఆకు సారాన్ని ఎలుకలకు ఎక్కించాడు. షుగరు దిగలేదు గానీ తెల్లకణాలు పడిపోయాయి. ఆ దారినే విన్‌బ్లాస్టిన్, ఆ వెనక విన్‌క్రిస్టిన్ వచ్చాయి. గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే సుమారు అర టన్ను ఎండుటాకు కావాలి. రక్త క్యాన్సర్ పిల్లలకు నేటికీ విన్‌క్రిస్టిన్ ఇస్తారు, మిల్లీగ్రాముల్లో కొలిచి, సెలైన్ ఎక్కించినట్టు రక్తనాళంలోకే. కొలత తప్పితే నరాలు దెబ్బతింటాయి. అంకుల్ తిట్టే కీమోలో ఇదీ ఒకటి! ఆకుగా ఉన్నంతసేపూ దండం పెడతాడు, కొలిచి సూదిలోకి ఎక్కిస్తే విషమంటాడు.

క్యాన్సర్ నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అంకుల్ ప్రకటన ఎక్కడిచ్చాడు పాపం, గుడ్ మార్నింగ్ గులాబీ కింద ఫార్వర్డ్ చేశాడంతే.

కాబట్టి ఒంట్లో గడ్డేదైనా చేతికి తగిలితే అంకుల్ మెసేజ్‌కు ఓ దండం ఎమోజీ పెట్టేసి, నేరుగా రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఓపీకి వెళ్లండి. పసుపు మాత్రలో, ఆకు రసమో ఇప్పటికే మింగుతుంటే, ఆ సంగతి అక్కడి డాక్టరు దగ్గర దాచకండి.