నలభై ఆరు శిఖరాల వ్రతం: టీకా తాత్పర్యం

మూలం: అడిరాండాక్ పర్వతములందు నాలుగువేల అడుగులు మించిన శిఖరములు నలువదియారింటిని అధిరోహించినవాడు ఫార్టీసిక్సర్ అనబడును.

టీక: అడిరాండాక్ పర్వతములందు = న్యూయార్క్ రాష్ట్రంలో, నగరానికి బహుదూరంగా ఉత్తరాన; నాలుగువేల అడుగులు మించిన = మించాయని ఒకప్పుడు నమ్మిన; నలువదియారింటిని = ఒక్కటి తగ్గినా చెల్లదు; అధిరోహించినవాడు = కాలినడకన ఎక్కినవాడు (వైట్‌ఫేస్ కొండకు కారు దారీ, చివర లిఫ్టూ ఉన్నాయి గాని వాటివల్ల ఫలం లేదు); అనబడును = తనంతట తాను అనుకుంటే చాలదు, ఫార్టీసిక్సర్ల సంఘంవారి చిట్టాలో సంఖ్య పడాలి.

తాత్పర్యం: రాబర్ట్ మార్షల్, జార్జ్ మార్షల్ అనే అన్నదమ్ములు, వారికి దారి చూపిన హెర్బర్ట్ క్లార్క్ 1918లో వైట్‌ఫేస్‌తో మొదలుపెట్టి 1925లో ఎమన్స్ శిఖరంతో ఈ వ్రతం ముగించారు. మధ్యలో 1922లో రాబర్ట్ రాసిన చిన్న పుస్తకంలో శిఖరాలు 42 మాత్రమే. మిగతా నాలుగూ తర్వాత చేరాయి. అంటే సూత్రకారులు నడుస్తూ నడుస్తూ సూత్రాన్ని పెంచుకున్నారన్నమాట. వారి చేతిలో ఉన్నవి ఆనాటి సర్వే పటాలు. తర్వాతి కొలతల్లో బ్లేక్, క్లిఫ్ కొండలు 3,960 అడుగుల దగ్గర, నై 3,895 దగ్గర, కూక్సక్రాగా ఏకంగా 3,820 దగ్గర తేలాయి. పైగా జాబితాలో లేని మెక్‌నాటన్ కొండ 1953 నాటి పటంలో సరిగ్గా నాలుగు వేలు అందుకుంది. అయినా జాబితాలోంచి ఏదీ పోలేదు, కొత్తది ఏదీ రాలేదు.

ఇక్కడ పూర్వపక్షం: కొలత ప్రత్యక్ష ప్రమాణం, దానికి విరుద్ధమైన మూలం అప్రమాణం, కనుక కొలతలో తగ్గిన ఆ నాలుగు కొండలూ ఎక్కినవాడి శ్రమ వృథా. ఇది నిలవదు. మన నైయాయికులు విశేషణానికీ ఉపలక్షణానికీ తేడా ఎప్పుడో చెప్పారు. దేవదత్తుడి ఇల్లేదని అడిగితే కాకి వాలిన ఆ ఇల్లని చూపిస్తాం. కాకి ఎగిరిపోయినా ఇల్లు దేవదత్తుడిదే. నాలుగువేల అడుగులు ఆ కాకి. శిఖరాలను గుర్తుపట్టడానికి పనికొచ్చింది, ఎగిరిపోయింది. వ్రతం ఎత్తుకు కాదు, ఈ నలభై ఆరింటికి. గ్రేస్ హుడోవాల్‌స్కీ 1937లో తొమ్మిదో వ్యక్తిగా, మహిళల్లో మొదటి వ్యక్తిగా దీన్ని పూర్తిచేసింది. తర్వాత దశాబ్దాల పాటు కొత్తగా ఎక్కేవారి ఉత్తరాలకు జవాబులు రాసింది. ఆమె ఎక్కిన కొండలే నేటివారూ ఎక్కుతున్నారు గనకే వారి సంఖ్య, ఆమె సంఖ్య ఒకే చిట్టాలో పక్కపక్కన నిలుస్తాయి. 2014లో ఈస్ట్ డిక్స్ శిఖరానికి ఆమె పేరు పెట్టి గ్రేస్ పీక్ అన్నారు. పేరు మారింది, లెక్క మారలేదు.

మరి దగ్గర్లోని న్యూ హాంప్‌షైర్ వారు తమ నాలుగువేల అడుగుల కొండల జాబితాలో 1957 నాటి 46ను సవరించి 48 చేసుకోలేదా అంటే, చేసుకున్నారు. అది వేరే సంప్రదాయం. అక్కడ జాబితాకు కొత్త కొండ చేరినప్పుడల్లా పాతవాళ్ళ ఉద్యాపన చెల్లిందా లేదా అన్న ధర్మసందేహం పుడుతుంది. మన పర్వతారోహకురాలు మాలావత్ పూర్ణ 2022లో అలాస్కాలోని దెనాలితో ముగించిన ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల వ్రతానికీ పాఠాంతరం ఉంది: ఒక పాఠంలో ఆస్ట్రేలియా కోసియుస్కో, ఇంకో పాఠంలో న్యూగినీలోని కార్‌స్టెన్స్. పాఠాంతరాలున్నాయని ఎవరూ గ్రంథాన్ని పారేయరు గదా.

రెండో ఆక్షేపణ గట్టిది. జాబితా లేకపోతే బురదగుంట దాటి కూక్సక్రాగాకు వెళ్ళే నాథుడుండడు. చిట్టాలో గీత పెట్టుకోవడానికే ఎక్కేవారి బూట్ల కింద దారులు కోసుకుపోతున్నాయి, శిఖరాల మీది సున్నితమైన మొక్కలు నలుగుతున్నాయి అని. నష్టం నిజమే, దాన్ని వ్యాఖ్యానంతో కప్పిపుచ్చలేం. కాని ఆ మొక్కలను కాపాడడానికి 1989లో శిఖరాల మీద కాపలాదారులను నిలిపే పని మొదలుపెట్టిన వృక్షశాస్త్రవేత్త ఎడ్విన్ కెచ్‌లెడ్జ్ స్వయంగా ఫార్టీసిక్సరే. ఎవరూ ఎక్కని కొండ బాగోగులు పట్టించుకునేవారూ తక్కువే. కనుక వ్రతం మానమనడం కంటే నియమం పాటించమనడం సబబు. ఆ నియమం రాష్ట్ర పర్యావరణ శాఖ ఏటా చెబుతూనే ఉంది: వసంతంలో మంచు కరిగి దారులు బురదగా ఉన్నంత కాలం 2,500 అడుగులకు పైన నడవవద్దు. ఆ రోజులు ఈ వ్రతానికి మూఢం, ముహూర్తం పెట్టుకోకండి.