డబల్ రొట్టె జడ్జి సాబు

ఇందారం ఎక్స్ రోడ్డు దగ్గరి చాయ్ హోటల్లో బెంచీ ఎడమ కొస ఖాళీగా కనిపించినా కూర్చోకండి. అది జడ్జి కాక సీటు. ఆయన రాకముందు కూర్చుంటే ఏం కాదు గానీ, వచ్చాక లేవకపోతే మీ ఊరి తిండి మీద తీర్పు పడుతుంది.

మా జైపూర్ రాజస్థాన్‌లో లేదు, మంచిర్యాల జిల్లాలో ఉంది. కోటలుండవు. పెగడపల్లి దగ్గర సింగరేణి వాళ్ళ 1200 మెగావాట్ల కరెంటు ప్లాంటు ఉంటుంది, దాని పొగగొట్టం ఎటు నుంచి చూసినా కనిపిస్తుంది. అయినా కాక ఆ పేరును వదులుకోలేదు. ఒకరోజు రాజస్థాన్ లారీ డ్రైవరొకాయన ప్యాజ్ కచోరీ గొప్పదనం చెప్పబోతే, "హమ్ భీ జైపూర్‌వాలే, హమ్‌కూ సిఖాతా క్యా" అని నోరు మూయించాడు. ఆ డ్రైవరు చాయ్ తాగినంతసేపూ ఆయన్ని అనుమానంగానే చూశాడు.

బొగ్గుబాయి ఊళ్ళన్నిట్లో ఇలాంటి మనిషి ఒకడుంటాడు. డ్యూటీ దిగి ఏళ్ళయింది, మోకాళ్ళు బాయికిచ్చేశాడు, కొడుకు క్వార్టర్లో తన మంచం వరండాలోకి వచ్చింది. మిగిలింది నోరొక్కటే. యూనియన్ సంగతి ఎత్తితే వియ్యంకుడితో పంచాయితీ, సినిమా హీరోల సంగతి ఎత్తితే మనవళ్ళతో పంచాయితీ. అందుకని మా కాక ఎవరికీ నొప్పి తగలని విషయం వెతుక్కున్నాడు: రొట్టె నడుమ ఏదో ఒకటి పెట్టి అమ్మే తిండ్లలో దేశం మొత్తం మీద ఏది గొప్ప? నొప్పి తగలదనుకోవడమే ఆయన పొరపాటు. కులం మీద మాటంటే సర్దుకుపోయేవాళ్ళు కూడా తమ ఊరి రొట్టె మీద మాటంటే పడరు.

పైగా మా దగ్గర కక్షిదారులకు కరువు లేదు. ప్లాంటు కట్టేటప్పుడు బిహార్, బెంగాల్, ఒడిశా నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు దిగారు. 2016 ఆగస్టు 7న ప్రధాని గజ్వేల్ నుంచే దాన్ని జాతికి అంకితం చేశాక కూడా రిపేర్లనీ షట్‌డౌన్లనీ వస్తూనే ఉన్నారు. మొదటి షిఫ్టు వదిలే వేళకు హోటల్లో నాలుగు భాషలు వినిపిస్తాయి. కాకకు అన్నిటికీ కలిపి ఒకటే హిందీ.

ఆయన చట్టం చాలా కఠినం. ఒక్క చేత్తో తినేదై ఉండాలి, రెండో చెయ్యి చాయ్ గ్లాసుకు. ప్లేటు అడిగితే కేసు కొట్టేస్తాడు. పావ్ భాజీ అట్లనే పోయింది. "కూర ఒక దిక్కు, రొట్టె ఒక దిక్కు. గది సంసారం కాదు బిడ్డా, విడాకులు" అన్నాడు. కోల్‌కతా కాఠీ రోల్ కోసం బెంగాలీ ఫిట్టరు గట్టిగానే నిలబడ్డాడు. నిజామ్స్ అనే హోటల్ పేరు చెప్పాడు, పరోటాలో కబాబు పెట్టి చుట్టి కాగితంలో ఇస్తారని చెప్పాడు. నిజామ్ అనగానే కాక కొంచెం మెత్తబడ్డాడు గానీ, "సుట్టింది రొట్టెల కోర్టుకు రాదు, సాపల కోర్టుకు పో" అని పంపించేశాడు. లిట్టి విషయంలో మాత్రం ఆయన నిష్పక్షపాతం సడలింది. సత్తుపిండి కూరిన పిండిముద్ద, రెండు ముక్కల రొట్టె కానే కాదు, చట్టం ప్రకారం వెళ్ళిపోవాలి. కానీ నిప్పుల మీద కాలుస్తారని బిహారీ వెల్డరు అన్నాడు. "బొగ్గు మీద కాలిందంటే మనోడే" అని పెండింగులో పెట్టాడు.

అసలు యుద్ధం వడా పావ్ దగ్గర. దాని వకీలు మా ఊరాయనే, భీవండిలో మరమగ్గాలు నడిపి తిరిగొచ్చిన పద్మశాలి. కరీంనగర్, నల్గొండల నుంచి ఎన్ని వేల కుటుంబాలు భీవండికీ షోలాపూర్‌కూ మగ్గాల కోసం వలస పోయాయో ఇక్కడ చెప్పక్కర్లేదు. వాళ్ళు సెలవుల్లో ఊరికొస్తే వడా పావ్ కథలే. కాకకు వరసకు బావ అవుతాడు కాబట్టి మర్యాదకు లోటు లేదు, మాటలకు అడ్డూ లేదు.

"బావా, దాదర్ టేషన్ బయట అశోక్ వైద్య అని ఒకాయన 1966ల షురూ చేసిండంటరు. మిల్లుల పోయే మజ్దూరు నిలబడి తిని, షిఫ్టు ఎక్కాలె. నీ చట్టం నువ్వు పుట్టియ్యకముందే ఆయన రాసిండు."

ఈ వాదన గట్టిది. షిఫ్టు మనిషి తిండి అనేసరికి బెంచీ మీద అందరూ తలూపారు. నా మటుకు నాకూ అదే సరైన కొలత అనిపిస్తుంది. 1982లో దత్తా సామంత్ నడిపిన సమ్మె తర్వాత బొంబాయి బట్టల మిల్లులు మూతబడితే, పని పోయినవాళ్ళలో ఎందరో అదే వడా పావ్ బండి పెట్టుకుని బతికారని బావ గుర్తు చేశాడు. కాక సమ్మె మాట విని కాసేపు చాయ్ తాగడం ఆపాడు. ఆ తర్వాత అడిగాడు:

"మరి ఆలుగడ్డ ఎక్కడిది? మిరపకాయ ఎక్కడిది? పావు ఎక్కడిది? మూడు పోర్చుగీసోడు ఓడల తెచ్చినయే. గండ్ల మరాఠోడు ఏసింది ఏంది, ఉప్పా?"

బావ తడబడ్డాడు. కాకకు ఆ సంగతి ఎట్లా తెలిసిందంటే, మనవరాలి సోషల్ పుస్తకం ఆయన పూర్తిగా చదివేశాడు.

దబేలీది ఇంకా ఘోరం. కచ్‌లోని మాండ్వీలో పుట్టిందనీ, ఆలు మసాలాలో చింతపండు చట్నీ, వేయించిన పల్లీలు, దానిమ్మ గింజలు వేస్తారనీ ఒక కుర్రాడు చెప్తుంటే దానిమ్మ దగ్గరే ఆపేశాడు. "రొట్టెల పండ్లా? గది ఒక్కపొద్దోళ్ళకు." హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మేనల్లుడు పండక్కొచ్చి ఇరానీ హోటల్ బన్ మస్కా పేరెత్తితే, "ఎన్నపూస పూసి నూరు రూపాలా" అన్నాడు. ధర అంత ఉండదని మేనల్లుడు మొత్తుకున్నా రికార్డులోకి ఎక్కలేదు.

ఇంతకీ హోటలాయన ఈ గోలలో ఒక్క మాటా మాట్లాడడు. పెనం మీద నూనె చుక్కేసి, స్టీలు గ్లాసులో రెండు గుడ్లు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసి చెంచాతో టకటక కొట్టి పోస్తాడు. గుడ్డు ఇంకా పచ్చిగా ఉండగానే రెండు బ్రెడ్డు ముక్కలు పక్కపక్కన పెట్టి, వేళ్ళతో ఒత్తి, అటుదిటు తిప్పి మళ్ళీ గుడ్డులోనే ముంచుతాడు. అట్టు మొత్తం తిరగేసి, అంచుల్లో మిగిలిన గుడ్డు రెక్కల్ని లోపలికి మడిచి, ఒక ముక్క మీద ఇంకో ముక్క పడేలా టప్పున మూస్తాడు. పేపరు ముక్కలో చుట్టి ఇస్తే నూనె మరక అరచేతంత అవుతుంది. ఒక చెయ్యి సరిపోతుంది, రెండో చేతిలో చాయ్. చట్టం ప్రకారం అన్ని పరీక్షలూ నెగ్గేది ఇదొక్కటే. కానీ కాక దీన్ని పోటీలోకి రానివ్వడు. "మనది మనం గెలిపిచ్చుకుంటే లోకం నవ్వుతది" అంటాడు. ఎప్పుడూ తినేది మాత్రం అదే.

ఒకసారి కుర్రాళ్ళు ఓటింగు పెడదామన్నారు. సింగరేణిలో గుర్తింపు సంఘానికి 1998 నుంచి రహస్య బ్యాలెట్ ఉన్నప్పుడు రొట్టెలకు ఎందుకు ఉండకూడదని. కాక ససేమిరా అన్నాడు. "ఓట్లేస్తే మిర్చి బజ్జి గెలుస్తది. గది పోటీల లేకున్న గెలుస్తది."

ఇంత అధికారం ఎక్కడి నుంచి వచ్చిందంటే ఎల్ఎల్‌టీసీ నుంచి. నాలుగేళ్ళకోసారి కంపెనీ డబ్బుల మీద దేశం చూసే సౌకర్యం. కాక సర్వీసంతా దాన్ని ఒక్కసారీ ఎగ్గొట్టలేదు. బల్లార్షా, నాగపూర్, ఇటార్సీ, ఝాన్సీ వరసగా చెప్తాడు, ఏ ప్లాట్‌ఫారం మీద ఏ బండి ఎటు దిక్కు ఉంటుందో కూడా చెప్తాడు. ఫలక్‌నుమా రైల్లో హావ్‌డా పోయాడు, బొంబాయి పోయాడు. "నేను సూడంది సెప్పను" అనేది ఆయన ఊతపదం.

మొన్న వడా పావ్ మీద ఆఖరి తీర్పు ఇవ్వబోతుండగా కాక భార్య, మా చిన్నమ్మ వచ్చింది, బీపీ గోళీలకు సింగరేణి దవాఖానకు తీసుకుపోదామని. గుమ్మం దగ్గర నిలబడి కాసేపు విన్నది. కాక దాదర్ పావు మెత్తదనం వర్ణిస్తున్నాడు.

"ఏ రొట్టె? దాదర్ల గీయన బండే దిగలే" అంది చిన్నమ్మ కుర్రాళ్ళతో. "సర్వపిండి డబ్బాలు నాలుగు, పులిహోర, కారప్పూస, జొన్నరొట్టెలల్ల ఎల్లిగడ్డ కారం పెట్టి మడిసినయి ముప్పై. అయి ఒడిసేదాంక బయట ముక్క ముట్టనిచ్చిన్నా నేను? కలకత్తల గంతే, ఢిల్లిల గంతే. కిటికీల మొఖం పెట్టి వాసన పీల్చుకుంట కూసునేటోడు."

బెంచీ మొత్తం కాక వైపు తిరిగింది. భీవండి బావ ముఖం వెలిగిపోయింది. బిహారీ వెల్డరుకు తెలుగు రాకపోయినా సంగతి అర్థమై నవ్వుతున్నాడు. కాక చాయ్ చివరి గుక్క నిమ్మళంగా తాగి, గ్లాసు బెంచీ మీద పెట్టి, తువ్వాలుతో మీసం తుడుచుకున్నాడు.

"అరే, తిన్నోడు పార్టీ అయితడు. జడ్జి అన్నోడు తినద్దు."

ఎవరికీ జవాబు తోచలేదు. కాసేపటికి ఒక కుర్రాడన్నాడు, "మరి బ్రెడ్డు ఆమ్లెటు తిన్నవు గద కాకా, దానికి పైసలెవరియ్యాలె?"

"కోర్టు ఖర్చులు ఎవలు కడతర్రా? పార్టీలే" అని కాక చిన్నమ్మ వెనక నడిచాడు.